నీలం మందు

చెరకు కొట్టిన మడిలో మోడు గుచ్చుకుంటే మా ఆయన పండరికి నొప్పే తెలియలేదు. చెప్పు నిండా రక్తం చూసి నేనే కేక వేశాను. నెల దాటినా పుండు మానకపోతే బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు షుగర్ అన్నాడు. గోళీలు వేసుకోకపోతే పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు.

"ఇది ఒక్కటే రాదమ్మా. కండ్లు, కాళ్లు, కిడ్నీలు, అన్నిటినీ పట్టుకుంటది. శానమందికి ఉంటది, తెల్వదంతే."

ఇంట్లో చూసుకోవడానికి ఒక గాజు గొట్టం, సీసాలో నీలం మందు ఇచ్చాడు. మందులో కొన్ని మూత్రం చుక్కలు వేసి కాచాలి. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే దండిగా ఉన్నట్టు. పాకం రంగు చూసి బెల్లం దింపే ఇంటి కోడలిని, నాకు భలే తమాషాగా తోచింది.

పండరిది ఎర్రగా తిరిగింది. ఆయన నమ్మితేగా! మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా.

"కాస్తే ఎవలదైనా ఎర్రగైతది. నేను బెల్లం ముట్టి ఏండ్లయితుంది, నాకు షుగరేంది?" అన్నాడు.

పొద్దున అన్నంలో రాయి తగిలినప్పటి నుంచి నా మీద గుర్రుగానే ఉన్నాడు. ఈ మధ్య ఎంత ఏరినా రాళ్లు మిగిలిపోతున్నాయి. నేను మిల్లువాణ్ని తిట్టుకుంటున్నాను.

నాకు రోషం వచ్చింది. "నాది కాస్త, చూడు. నీలంగనే ఉంటే నువ్వు గోళి మింగాలె."

"మింగుత."

ఆయన కళ్లముందే పొయ్యి మీద గొట్టం పట్టాను. నీలం కాస్తా ఆకుపచ్చైంది, తర్వాత పసుపైంది. చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది.

"చెప్పిన గద!" అని పండరి తొడ చరిచి నవ్వాడు. నా పందెం వల్లే ఆయన పాదం పోతుందా అని ఏడుపొచ్చింది.

పక్కింట్లో ఉండే ఆయన అక్క సత్యమ్మ దగ్గరికి పరుగెత్తి, "వదినా, నీది జర పట్టియ్యవా" అని బతిమాలాను.

"ఇదేం పాడు బుద్ధే నీకు" అని తిడుతూనే ఇచ్చింది. తెచ్చి కాచాను. మంట పెంచి కాచాను. నీలం నీలంగానే ఉంది.

పండరి నవ్వు ఆగిపోయింది. గొట్టాన్ని చూశాడు, నన్ను చూశాడు, మూలనున్న చేటను చూశాడు.

"బియ్యంల రాళ్లు నీకు కనవడుతలేవా?" అన్నాడు నెమ్మదిగా.

ఆయన లేచి గోళీ మింగి నీళ్లు తాగాడు.

"రేపు ఇద్దరం పోదాం దవాఖానకు" అన్నాడు. పుండు కాలు చాపుకొని కూర్చొని, చేట ముందుకు లాక్కొని రాళ్లు ఏరసాగాడు.