జానెడు పక్కన

పొద్దున్నే స్టూడియో షట్టరు ఎత్తగానే తులసి చేసే మొదటి పని చెంపకి పౌడరు దిద్దుకోవడం. రెండో పని కంప్యూటరు ఆన్ చెయ్యడం. అన్నయ్య అంజిబాబు చెయ్యి రోజూ ఒకే చోట పడదు గనక, పౌడరు ఎక్కడ దిద్దాలో అద్దంలో వెతుక్కోవాల్సి వచ్చేది.

"ఇవాళ ఎడంవైపాండీ?" అని అడిగేడు ముసలయ్య, కెమెరా తుడుస్తూ.

"ఆయ్. చేపల పులుసులో ఉప్పు తగ్గింది లెండి," అంది తులసి, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా.

ముసలయ్యకి ముప్పై కూడా లేవు. తాతగారి పేరు పెట్టేరు. "పుట్టడమే ముసలయ్యగా పుట్టేను, ఇంక నాకు వయసొచ్చేదేముందండీ" అని నవ్వేవాడు. మస్కట్‌లో మేడల ఫొటోలు తీసే కంపెనీలో పని చేసేడు. అది మూతపడ్డాక ఒక మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా వెంట తెచ్చుకుని, రెండువేల తొమ్మిదిలో అమలాపురంలో స్టూడియో పెట్టేడు. ఇటుకంత కెమెరా అది. దానికీ లెన్సుకీ నడుమ కడియంలాంటిది ఒకటి బిగించేవాడు. దాన్ని షిఫ్ట్ అడాప్టర్ అంటారు. పక్కనున్న మర తిప్పితే కెమెరా ఉన్నచోటే ఉంటుంది, లెన్సు ఒక్కటీ పైకో పక్కకో జరుగుతుంది.

కోనసీమలో ఆ కడియానికి చేతినిండా పనే. గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఇక్కడ లేచిన మేడ ఫొటో పంపాలి. మేడ ముందు చిన్న వీధి, వీధి పక్కనే కాలవ. వెనక్కి జరిగితే నీళ్ళలో పడాలి. పోనీ కెమెరా పైకెత్తి తీస్తే మేడ వెల్లకిలా పడుతున్నట్టు వస్తుంది. ముసలయ్య కెమెరాని నిటారుగా నిలబెట్టి, మర తిప్పి, లెన్సుని పైకి జరిపేవాడు. మేడ తిన్నగా నిలబడేది. ఫొటోలోనే కాదు, వీధిలో కూడా. వంకరగా లేచిన గోడలు క్లిక్ మనగానే ఒళ్ళు సర్దుకునేవి. దాంతో మేస్త్రీలు తూకం గుండు వెయ్యడమే మానేసి, "ఆఖర్న ముసలయ్యగారు చూసుకుంటారు లెండి" అనేవారు.

మనుషుల మీద మాత్రం ముసలయ్య ఆ మర తిప్పేవాడు కాదు.

"మస్కట్‌లో ఓ వాచ్‌మన్ మీద ఫోకస్ ఉందని చూసుకోకుండా తిప్పేనండి," అని ఒకరోజు తులసికి చెప్పేడు. "అప్పట్నించీ ఆయన కనిపించే చోట ఉండడు. జానెడు పక్కన ఉంటాడు. చెయ్యి కలపబోతే గాలి దొరికేది. వాళ్ళావిడ తలకి నూనె రాయబోతే నూనంతా నేలపాలు."

"మళ్ళీ వెనక్కి తిప్పలేకపోయేరా?"

"తిప్పేనండి. రాలేదు. మనిషి జరిగితే జరిగినట్టే."

ఆ వాచ్‌మన్ సంగతేమో గానీ, ఆ చెప్పిన గొంతు మాత్రం తులసి చెవుల్లో సాయంత్రందాకా కాలవలా పారుతూనే ఉంది.

అంజిబాబుది కొబ్బరికాయల వ్యాపారం. "ఆయన కన్ను పడ్డ చోట కత్తి పడుతుంది" అని ఊళ్ళో పేరు. కాయ గాల్లోకి ఎగరేసి నరికితే సరిగ్గా రెండు చిప్పలై రాలేది. తనతో వ్యాపారం చేసే ఒకడికి, పెళ్ళాం పోయినవాడికి, చెల్లెల్ని ఇస్తానని మాటిచ్చేసేడు. తులసి వద్దంది. ఎందుకు వద్దో కూడా చెప్పేసింది.

"ఆ ఫొటోలవాడా? వాడు మనవాడు కూడా కాదే!"

జుట్టు పట్టుకుని వసారాలోంచి పెరట్లోకి ఈడ్చేడు. కాయలు ఒలిచే గునపం పక్కన ఆమెని పడేసి డొక్కలో తన్నేడు. తల్లి అప్పాయమ్మ వంటింటి గుమ్మం దాటకుండా, పొయ్యి మీద పాల వంక చూస్తూ, "చాల్లేరా, చాల్లేరా" అంటూనే ఉంది. పాలు పొంగలేదు. దెబ్బలూ ఆగలేదు.

మర్నాడు కాలవగట్టు మీద ముసలయ్యని పడదోసి, కుడి చెయ్యి కాలికింద తొక్కిపట్టి, కొబ్బరి మట్టతో వేళ్ళు చితక్కొట్టేడు. వేళ్ళు విరిగిన చప్పుడూ ఎండుమట్ట విరిగిన చప్పుడూ ఒకేలా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

"ఇంకోసారి దాని పక్కన కనపడ్డావో, మట్ట కాదురా, కత్తే," అని వెళ్ళిపోయేడు.

ముసలయ్య చేతికి కట్టు పడింది. అయినా బండారులంక పాపాయమ్మగారికి ఒప్పుకున్న పని ఉండిపోయింది. ఆవిడ కొత్త ఇంట్లో హాలు గోడంతా నిలువుటద్దమే.

"మా ఆయన అద్దం చూపించమన్నారండి. తీసేవాళ్ళు మాత్రం అద్దంలో పడకూడదంట," అందావిడ.

మర తిప్పడానికి ముసలయ్య కుడిచేతి వేళ్ళు పనికిరావు. తులసి కెమెరా వెనక నిలబడింది.

"ఎదురుగా వద్దండీ, పక్కకి పెట్టండి," అని ముసలయ్య చెప్పేడు. "కెమెరా మాత్రం తిన్నగా గోడ వైపే చూడాలి. ఇప్పుడు మర తిప్పి లెన్సుని అద్దం వైపు జరపండి. చూసేరా? అద్దం నిండా ఉంది, మనం లేం."

"ఎక్కడికి పోయేం?"

"పక్కనే ఉన్నామండీ. కనిపించం, అంతే."

ప్రపంచంలో తనకి అంతకంటే ఏం అక్కర్లేదనిపించింది తులసికి.

అద్దం మీద వేలిముద్ర ఉందని ముసలయ్య తుడవడానికి వెళ్ళేడు. అప్పుడే గుమ్మంలో పాపాయమ్మ కెవ్వుమంది. అంజిబాబు ఆవిణ్ణి తోసుకుంటూ లోపలికొచ్చేడు. చేతిలో కొబ్బరి కత్తి. ముసలయ్య వెనక్కి తగ్గేడు. వీపుకి అద్దం తగిలింది. ఇంక తగ్గడానికి చోటు లేదు.

తులసి కన్ను కెమెరాలోనే ఉంది. అందులో ముసలయ్య మొహం ఉంది. ఆ మొహం మీద ఫోకస్ తెచ్చి, మరని ఆఖరుదాకా తిప్పి, నొక్కింది.

క్లిక్కూ కత్తీ ఒక్కసారే పడ్డాయి.

కత్తి సరిగ్గా మెడ మీదే పడింది. మెడలోంచి దూసుకుపోయి అద్దంలో దిగింది. గోడంత అద్దం అంజిబాబు మీద జడివానలా కురిసింది. అతని చెయ్యి మోచేతిదాకా చీరుకుపోయింది. ఆ రక్తంతోనే మళ్ళీ నరికేడు. భుజం మీద, గుండె మీద, పొట్ట మీద. ఒక్క దెబ్బా గురి తప్పలేదు. మనిషే అక్కడ లేడు.

"అయ్యయ్యో, నా అద్దం! ఆయనకేం చెప్పనండీ!" అని పాపాయమ్మ తల బాదుకుంది. కత్తి జారేదాకా నరికి, అంజిబాబు తెల్లటి గచ్చు మీద, తన రక్తంలో తనే జారి పడ్డాడు. ఎవరో ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేరు.

బయటికొచ్చేక తులసి ముసలయ్య చెయ్యి పట్టుకోబోయింది. గాలి దొరికింది. జానెడు పక్కకి చెయ్యి జరిపితే కట్టు తగిలింది.

"అబ్బా! నెమ్మదండీ," అన్నాడు.

"నన్ను కూడా తీయండి."

"తెలిసే అంటున్నారా? మీ అమ్మగారు తల నిమరబోతే దొరకరు మీరు."

"ఇన్నాళ్ళూ నిమిరిందా ఏంటి?"

ముసలయ్య ఎడంచేత్తో మర తిప్పేడు. చాలాసేపు పట్టింది. అంతసేపూ తులసి రెప్ప వెయ్యకుండా లెన్సు కేసే చూసింది.

సాయంత్రం తులసి బట్టలు తెచ్చుకోడానికి ఇంటికెళ్ళింది. చేతినిండా కుట్లతో అంజిబాబు వసారాలో కూచుని ఉన్నాడు. ఆమె సంచి సర్దుకుని బయటికి రాగానే లేచి, ఎడంచేత్తో లాగి ఒక్కటిచ్చేడు. చెంపలోంచి పోయిన చెయ్యి వసారా స్తంభానికి తగిలింది. మళ్ళీ కొట్టేడు. మళ్ళీ స్తంభమే.

తులసి చెప్పులు వేసుకుంది.

అప్పుడు అప్పాయమ్మ వంటింటి గుమ్మం దాటి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నాయి. కూతురి చెంపకి చెయ్యి చాపింది. ఏమీ తగల్లేదు. ఇంకోసారి చాపింది. తగల్లేదు. కరెంటు పోయినప్పుడు ఉప్పు డబ్బా కోసం వెతికినట్టు, కళ్ళు మూసుకుని, గాల్లో నెమ్మదిగా తడిమింది. జానెడు పక్కన చెంప తగిలింది. అరచేతికి పౌడరు అంటింది. దాని కింద వాపు ఇంకా వెచ్చగా ఉంది.

"ఇక్కడున్నావా అమ్మా," అంది.

అంజిబాబు కళ్ళింతలు చేసుకుని చూస్తూనే ఉన్నాడు. చూసి, చూసిన చోటికే గురిపెట్టి, స్తంభాన్ని ఇంకోసారి కొట్టేడు.