శుక్రవారం దిండు

చిలకలూరిపేటలో ఇమాం హుస్సేన్ ఇంట్లో దూది ఏకుతున్నంతసేపూ ఎవరూ నోరెత్తరు. విల్లు నారి ధుంధుమ్మంటుంటే భార్య జైనాబీ సైగలతోనే అన్నానికి పిలుస్తుంది, సైగలతోనే తిడుతుంది. పిలుపుకి ఒక చెయ్యి చాలు, తిట్లకి రెండూ కావాలి.

కారణం ఊరందరికీ తెలిసిందే. ఆ ఇంట్లో ఏకిన దూదికి వారం దాకా చెవులు తెరుచుకునే ఉంటాయి. విన్నదాన్ని దాచుకుని, ఎవరైనా ఒత్తితే పలుకుతుంది. ఓసారి జైనాబీ ఆదమరిచి తోటికోడలి మీద నాలుగు మాటలు అనేసింది. ఆ దూదితో కుట్టిన పరుపు కొనుక్కెళ్లిన మిరపకాయల వ్యాపారి వెంకయ్య మూడో రోజున దాన్ని బండి మీద తెచ్చి దించాడు. "ఇంట్లో ఒకావిడ ఉందిగదమ్మా, చాలు నాకు" అన్నాడు. మళ్లీ ఏకితే పాత మాటలు పోతాయి. ఇమాం హుస్సేన్ కిక్కురుమనకుండా ఏకి ఇచ్చాడు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఖైరున్నీసా. ఆ పిల్లకి పన్నెండేళ్లప్పుడు అటక మీద తాతగారి నాదస్వరం దొరికింది. ఊళ్లో ఆ విద్య నేర్పేది సుభానీ సాహెబు ఒక్కడే. రాములవారి పల్లకీ ముందు ఆయన వాయిద్యం లేందే ఉత్సవం కదలదు. పిల్ల నాదస్వరం చంకన పెట్టుకుని ఆయన అరుగెక్కింది. పాఠానికి పిల్లల్ని దింపడానికొచ్చిన తండ్రులంతా నవ్వారు. ఆడపిల్ల అరుగు మీద కూర్చుంటే మా పిల్లల్ని మాన్పించేస్తామని రామాంజనేయులు నవ్వుతూనే అన్నాడు గాని, అన్నది మాత్రం నిజంగానే అన్నాడు. వాళ్లబ్బాయి రెండేళ్లుగా మొదటి వరసల దగ్గరే ఊదుతున్నాడు, బుగ్గలు తప్ప మరేం పెరగలేదు.

సుభానీ సాహెబు తల వంచుకుని, ఆడపిల్లలకి చెప్పనని పంపించేశాడు. ఆ మర్నాడే ఇమాం హుస్సేన్‌కి ఒక దిండు పురమాయించాడు.

ఖైరున్నీసా దూది గదిలో తలుపేసుకుని ఊదేది. నాదమంతా దూదే తాగేసేది, వీధిలోకి చుక్క పడేది కాదు. అరుగు పక్క సందులో నిలబడి విన్నదల్లా ఆ గదిలో ఊదింది. అదంతా సాహెబుగారి దిండులోకి వెళ్లింది. దిండు తిరిగొస్తుందని భయపడింది. అనుకున్నంత పనీ అయింది, శుక్రవారానికల్లా వచ్చింది. గట్టిపడిందట, మళ్లీ ఏకాలట.

ఏకబోయే ముందు ఖైరున్నీసా దాని మీద మోచెయ్యి ఆన్చి విన్నది. ముందు తన తోడి రాగం వినిపించింది. దాని వెనకాలే సాహెబు గొంతు: "గాంధారం దగ్గర తొందర. మళ్లీ." ఆ తర్వాత ఆయన పాడి చూపించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు, నిదానంగా. మధ్యాహ్నం కునుకు తీస్తూ దిండుతో పోట్లాడుతున్నాడు గాబోలు, పాపం ముసలాయన, అనుకుంది ఖైరున్నీసా. అనుకుని, ఆ గాంధారం దిద్దుకుంది. దూది ఏకి, దిద్దుకున్నది దానికి వినిపించి, దిండు కుట్టి పంపింది.

పై శుక్రవారం మళ్లీ గట్టిపడింది. ఆ పై వారం, ఆ తర్వాత ప్రతి వారమూ అంతే. సాహెబుది తలకాయా, రుబ్బురోలా అని పేటంతా వేళాకోళం చేసింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అరవై రెండులో గుంటూరులో కొత్తగా ఒక సంగీత పాఠశాల పెట్టారు. నాదస్వరానికి పన్నెండు సీట్లు. చదువు ముగిస్తే దేవస్థానాల్లో ఉద్యోగం. దరఖాస్తు మీద గురువు సంతకం ఉండాలి, సోమవారం లోపల అందాలి. శుక్రవారం పొద్దున దిండు తెచ్చుకోవడానికి వెళ్తూ ఖైరున్నీసా కాగితం కూడా తీసుకెళ్లింది. అరుగు నిండా తండ్రులు, అదే కాగితాలతో.

"గురువుగారూ" అంది.

"నేను నీకెప్పుడు చెప్పానే పాఠం?" అన్నాడు రామాంజనేయులు, సాహెబు తరఫున.

సాహెబు ఆయన వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. "అరుగు మీద ఆడపిల్లకి నేనెప్పుడూ పాఠం చెప్పలేదమ్మా" అన్నాడు మెల్లగా.

ఖైరున్నీసా కాగితం మడిచి, అలవాటు ప్రకారం దిండు తీసుకుంది. మెట్లు దిగేలోపు ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ల ముందు ఏడవకూడదని దిండుని గట్టిగా గుండెకి హత్తుకుంది.

దిండు పలికింది. ముందు తోడి. ఎక్కడా తొందర లేదు. అరుగు మీద ఊదుతున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే పీకలు నోట్లోంచి తీశారు. రాగం ముగిశాక సాహెబు గొంతు వచ్చింది: "బాగుంది. ఇక నేను దిద్దేది లేదు. గుంటూరులో ఎవరేమన్నా గాంధారం దగ్గర మాత్రం తొందరపడకు, ఖైరూ తల్లీ. మళ్లీ చెబుతున్నా, విను."

మళ్లీ చెప్పింది దిండు.

రామాంజనేయులు కొడుకే ముందుగా నోరు తెరిచాడు. "నాన్నా, నన్ను మాన్పించెయ్" అన్నాడు ఆశగా.

సాహెబు చెయ్యి చాపాడు. "కాగితం ఇలా తే."

సంతకం పెట్టాడు. శిష్యరికం ఎంతకాలం అన్న గడి దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాశాడు: ఎనభై రెండు శుక్రవారాలు.

ఖైరున్నీసా గుంటూరు బస్సెక్కింది. సాహెబు తలకింద దిండు మాత్రం ఆ తర్వాత మళ్లీ గట్టిపడలేదు.