సొరకాయ వేలం

మా సొరకాయని స్కూలువాళ్ళు పోయిన వస్తువుల పెట్టెలో పడేశారు. ఒంటి గ్లౌజులు, మూతల్లేని నీళ్ళ సీసాలు, చెమటకంపు కొట్టే ఎవరిదో ఆటల చొక్కా, వాటి మధ్యన మా కాయ. గురువారం సాయంత్రం మా అమ్మాయి హెప్సి దాన్ని చంకనెత్తుకుని ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద పెట్టింది.

"ఇట్ వాజంట్ లాస్ట్, మమ్," అంది.

పద్నాలుగేళ్ళ పిల్ల. ఇక్కడే, ఇంగ్లండులో ఈ స్విండన్‌లోనే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

కాయకి ఒక పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది. థాంక్యూ, కానీ పేదలకి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకి డబ్బాల్లో ఉన్నవీ ఎండినవీ మాత్రమే తీసుకుంటాం, హాలోవీన్ దయ్యాల పండక్కి దీనికి కళ్ళూ ముక్కూ చెక్కుకుంటే సరదాగా ఉంటుందేమో అని రాసి, చివర్న నవ్వే మొహం ఒకటి గీశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కాయ సంగతి చెప్పాలి. కౌన్సిల్ వాళ్ళ దగ్గర తోట చేసుకోవడానికి చిన్న నేల చెక్క అద్దెకి తీసుకున్నాం. మొదటి ఏడు పాదుని నత్తలు తినేశాయి. రెండో ఏడు పిందె పడ్డాక చలికి కుళ్ళిపోయింది. ఈ ఏడు ప్లాస్టిక్ గుడారం వేసి, ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చకుండా పోయి నీళ్ళు పోస్తే, నిలిచింది ఒక్కటంటే ఒక్కటి. తొలికాపు. మాది బాపట్ల. మా క్రైస్తవుల ఇళ్ళల్లో కోత పండుగనాడు తొలికాపు తీసుకెళ్ళి దేవుడికి ఇవ్వందే ఆ పాదు కాయ పొయ్యి మీదికి ఎక్కదు. ఇక్కడి మా తెలుగు చర్చి సంఘంవాళ్ళు ఆ పండుగ సెప్టెంబరు మొదట్లోనే కానిచ్చేశారు. అప్పటికి ఇది నా బొటనవేలంత ఉంది.

అంతలో స్కూలునుంచి ఉత్తరం వచ్చింది. ఆటమ్ వీక్ అట. హౌస్ రంగుల బట్టలు, బురదలో పరుగు పందెం, కేకుల అమ్మకం, శుక్రవారం హార్వెస్ట్ ఫెస్టివల్. అందరితో పంచుకునేది ఏదైనా తెండి అన్నారు. కోత పండుగంటే కోసిందే కదా తెమ్మంటారు అనుకున్నాను. కొట్లో కొన్న బీన్సు డబ్బా పట్టుకురమ్మని నాకెలా తెలుస్తుంది? పండుగ పేరు కోత, తెచ్చేది డబ్బా!

మా ఆయన రత్నకుమార్ నోట్లో నాలుక లేని మనిషి. "ఎందుకొచ్చిన గొడవ సుగుణా? ప్రార్థన చేసుకుని కూర వండెయ్. రేపు రెండు డబ్బాలు పంపిద్దాం," అన్నాడు.

"దేవుడికని ఇచ్చింది మళ్ళీ తెచ్చుకుని తింటారా ఎవరన్నా?"

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అని టీవీ పెట్టుకున్నాడు.

హెప్సి కాయని తడిగుడ్డతో తుడుస్తోంది. మంగళవారం దాన్ని స్కూలుకి తీసుకెళ్ళమంటే నామోషీ అని ముక్కు చీదిన పిల్ల. బస్సులో ఎవరికీ కనపడకుండా కోటు కప్పి తీసుకెళ్ళింది.

"ఎవరన్నా ఏమన్నా అన్నారేంటే?" అని అడిగాను.

ఎవరూ ఏమీ అనలేదట. అదే బాధట. ఇది ఏమిటని ఒక్కళ్ళూ అడగలేదట. రేపు మళ్ళీ తీసుకెళ్తాను అంది. వద్దని వాళ్ళ నాన్న, వెళ్ళమని నేను. చివరికి మా ఇద్దరి వాదనా తేలకుండానే దాన్ని తన సంచి పక్కన పెట్టుకుంది.

శుక్రవారం డ్యూటీ మార్పించుకుని నేనూ వెళ్ళాను. పెద్ద హాలు, వెనక వరుసల్లో తల్లిదండ్రులం. పిల్లల్లో సగంమంది ఆకుపచ్చ టైలు, ఓక్ హౌస్ అనే జట్టు. సగంమంది ఎర్ర టైలు, యాష్ హౌస్. హెప్సిది ఓక్. స్టేజీ మీద డబ్బాల గుట్ట. మైకు దగ్గర మిసెస్ ప్రిచర్డ్, పండుగ ఏర్పాట్లన్నీ ఆవిడవే. చీటీ రాసింది కూడా ఆవిడే. ఒక్కో క్లాసునుంచి ఒకరు వచ్చి డబ్బాలు పెట్టడం, అందరూ చప్పట్లు కొట్టడం. సగంమంది ఆవలిస్తున్నారు. ఉత్సాహం చూపించండి అని ఆవిడ బతిమాలుతూనే ఉంది.

మా పిల్ల క్లాసు వంతు వచ్చింది. హెప్సి సొరకాయని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కింది. హాలంతా నవ్వులు.

"హెప్సి, దీని గురించి మాట్లాడుకున్నాం. కిందికి వెళ్ళు," అంది మిసెస్ ప్రిచర్డ్.

హెప్సి వెళ్ళలేదు. మైకుకి దగ్గరగా జరిగింది. "ఇది మా అమ్మ మూడేళ్ళు కష్టపడితే కాసిన మొదటి కాయ. మా చర్చిలో మొదటి కాయని వేలం వేస్తాం. మీ ఫుడ్ బ్యాంకుకి డబ్బాలే కావాలి కాబట్టి డబ్బాల్లోనే పాడండి. సోమవారం తేవాలి. ఇప్పుడు తెచ్చినవి లెక్కలోకి రావు," అంది ఇంగ్లీషులో.

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఒక్కడైనా పాడాలి తండ్రీ, నా బిడ్డని అక్కడ ఒంటరిగా నిలబెట్టకు.

"ఐదు!" అని ఎర్ర టై కుర్రాడెవడో వేళాకోళానికి అరిచాడు.

"పది!" అంది ఓక్‌లో ఒక పిల్ల. యాష్‌వాళ్ళకి పౌరుషం వచ్చింది. ఇరవై. నలభై. క్లాసులకి క్లాసులు లేచి నిలబడ్డాయి. ఆటల మాస్టారు తన వంతుగా అరవై అన్నాడు. మిసెస్ ప్రిచర్డ్ మైకు అందుకోబోయింది కానీ ఆ గోలలో ఆవిడ మాట ఎవరికి వినపడుతుంది? వారమంతా బతిమాలినా రాని ఉత్సాహం ఒక సొరకాయకి వచ్చింది.

యాష్‌వాళ్ళు నూట యాభై అనేసరికి ఓక్‌వాళ్ళు ఆగారు. హెప్సి కాయని తలకంటే ఎత్తుకి లేపింది.

"నూట యాభై ఒకటోసారీ..." అంది. తెలుగులో! మా సంఘంలో వేలం వేసే కిషన్‌రావు అంకుల్ సాగదీసినట్టే సాగదీసి, "రెండోసారీ..." అంది. ఏటా ఆ వేలమప్పుడు ఇది తల వంచుకుని ఫోన్లో ఉండేది. చెవులు మాత్రం మా దగ్గరే పెట్టిందన్నమాట. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మూడోసారికి కాయ యాష్‌వాళ్ళదయింది. వాళ్ళ కెప్టెన్ వచ్చి అందుకుని, ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. ఇష్టమైతే వండుకోవచ్చు, పెద్ద మనసుంటే మళ్ళీ ఇచ్చేసి ఇంకోసారి పాట పెట్టించొచ్చు, మా ఆచారం అది అంది హెప్సి. వాడు కాయని మళ్ళీ దాని చేతుల్లో పెట్టాడు. అరుపులకి హాలు కప్పు ఎగిరిపోయింది. రెండో పాటలో ఓక్‌వాళ్ళు రెండొందల డబ్బాలకి పాడుకుని, కాయని ఊరేగించుకుంటూ వంటగదికి తీసుకెళ్ళారు.

నా తొలికాపు చెల్లింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

అందరూ వెళ్ళాక మిసెస్ ప్రిచర్డ్ మమ్మల్నిద్దరినీ ఆపింది. డబ్బాలు రావడం సంతోషమే, కానీ కిందికి వెళ్ళమన్నప్పుడు హెప్సి వెళ్ళలేదు, అది అమర్యాద, క్షమాపణ చెప్పాలి, లేకపోతే స్కూలయ్యాక కూర్చోబెట్టే డిటెన్షన్ శిక్ష తప్పదు అంది. హెప్సి నేల చూస్తూ నిలబడింది.

ఆవిడ నావైపు తిరిగి, ఒక్కో మాటా విడగొట్టి, చెవిటిదానికి చెప్పినట్టు, "మీ భాషలో మీరే కొంచెం వివరించి చెబుతారా?" అంది.

పదహారేళ్ళుగా ఈ దేశంలో నా పేరుకంటే ఎక్కువసార్లు పలికిన మాట సారీ. బస్సులో నా కాలు తొక్కినవాళ్ళకి కూడా నేనే చెప్పాను.

హెప్సి గడ్డం పట్టుకుని తల పైకెత్తాను. "సారీ చెప్పావంటే ఊరుకోను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాను తెలుగులో, నిదానంగా.

మిసెస్ ప్రిచర్డ్ వైపు తిరిగి, "వివరించానండీ," అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ క్షమాపణ కోసం ఎదురుచూసింది. హెప్సి నన్ను చూసింది, ఆవిడని చూసింది, ఇంగ్లీషంతా పక్కన పెట్టేసింది.

"చెప్పన్లే అమ్మా," అని, డిటెన్షన్ కాగితం కోసం చెయ్యి చాపింది.