ఆ ఏడు రాగ్నా ఇంట్లో లేదు

కొరీన్ పుట్టేనాటికే ఆమె నాయనమ్మ రాగ్నా కన్నుమూసింది. అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న చేల నడుమ ఆవిడ ఎలా బతికిందో తెలుసుకోవాలని, టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కొరీన్ పాత కాగితాల వెంట పడింది. చర్చి రిజిస్టరులో పెళ్లి దొరికింది. ఇంటి బైబిలు మొదటి పేజీల్లో పిల్లల పుట్టుకలు, గొంతువాపు జబ్బుతో పోయిన చిన్నవాడు నిల్స్ పేరు కనిపించాయి. జనాభా లెక్కల్లో ఆవిడ వృత్తి దగ్గర ప్రతిసారీ ‘ఏమీ లేదు’ అని రాసి ఉంది. ఆవులు పితికి, వెన్న చిలికి, కోతలవాళ్లందరికీ వండి వార్చిన మనిషికి ఏమీ లేదట! కొరీన్‌కు ఒళ్లు మండింది.

1930 లెక్కల్లో మాత్రం ఆ ఇంట్లో తాత ఓస్మండ్, పిల్లలే ఉన్నారు, రాగ్నా లేదు. వెతగ్గా వెతగ్గా ఆవిడ పేరు ఎక్కడో ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ రేవులో ఒక పూటకూళ్లింట్లో తేలింది. వృత్తి: వంటమనిషి.

కొరీన్ వృద్ధాశ్రమంలో ఉన్న మేనత్త ఆర్లిస్ దగ్గరికి వెళ్లింది.

“అత్తా, నాయనమ్మ ఇల్లొదిలి వెళ్లిపోయిందా?”

ఆర్లిస్ కాఫీలో బిస్కెట్టు ముంచుతూ నవ్వింది. “పట్టేశావన్నమాట! మీ నాన్నని అడిగుంటే నీ వీపు చిట్లగొట్టేవాడు.”

“ఎవరితోనైనా...?”

“ఛీ, నోర్ముయ్! కళ్లారా నీళ్లు చూడ్డానికి వెళ్లిందే. నార్వేలో సముద్రపొడ్డున పుట్టిన మనిషి. నిల్స్ పోయాక మాట్లాడ్డమే తగ్గించేసింది. కిటికీలోంచి చేను చూసి, ‘ఇదంతా కదలకుండా పడుందేమే’ అనేది. ఓ రోజు పొద్దున్నే మాకు రొట్టెలు కాల్చి, గుడ్డ కప్పి, రైలెక్కేసింది.”

“తాతయ్య ఊరుకున్నాడా?”

“ఊరు ఊరుకుంటేగా! చర్చి ఆడాళ్లు కూరల గిన్నెలు తెచ్చి ఆరాలు తీసేవాళ్లు. ‘వాళ్లక్కకి ఒంట్లో బాలేదు’ అనేవాడు నాన్న. అమ్మకి అక్కే లేదు. విత్తనాలు వేయడం అయ్యాక నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వంటింటి గుమ్మంలో టోపీ తీసి నిలబడి, ‘నిన్ను రమ్మనడానికి రాలేదు. పిల్ల చూస్తానంది’ అన్నాడు.”

ముగ్గురూ సరస్సు ఒడ్డున కూర్చున్నారట. రాగ్నా వేలు తడిపి నాలుకకు రాసుకుని, ‘ఉప్పు లేదు ఓస్మండ్. అయినా కదులుతోంది కదూ’ అందట. ఆకులు రాలే వేళకు తనంతట తనే తిరిగొచ్చింది.

“మళ్లీ ఎప్పుడైనా వెళ్లిందా?”

“నాన్న వెళ్లమన్నా వెళ్లలేదు. ‘ఈసారి వెళ్తే తిరిగి రాలేను’ అంది. మాకోసం ఉండిపోయింది. అది తెలిసే పెరిగామే, అదో బాధ.”

కొరీన్ కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. ఇక వాటిలో చూడాల్సింది ఏమీ లేదనిపించింది.

“ఆవిడ గొంతు ఎలా ఉండేదత్తా?”

ఆర్లిస్ కాఫీ కప్పు పక్కకు జరిపింది. “పాటలు గుర్తులేవు. మా పేర్లు మాత్రం చివర సాగదీసి, కాస్త పైకి లేపి పిలిచేది. పడవ మీదున్న వాళ్లని ఒడ్డునుంచి పిలిచినట్టు.”

“నన్నోసారి అలా పిలువు.”

“పిచ్చిదానా, అందరూ వింటారు.”

“విననీ.”

ముసలావిడ గొంతు సవరించుకుంది. “కొరీ...న్!”

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. తల నెరిసిన కొరీన్ చిన్నపిల్లలా, “వస్తున్నా” అంది.