వెనక చక్రంలో గాలి

సైకిలు తుడుస్తున్నాను. హేండిలు అయింది, ముందు చక్రం ఊచలు అయ్యాయి. ఉక్కు ప్లాంటు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము ఉత్త గుడ్డకి లొంగదు, కిరసనాయిలు చుక్క వేసి రుద్దాలి. పెళ్లయి భిలాయి వచ్చిన మర్నాటి నుంచీ ఇది నా పనే. తుడవడం, గొలుసుకి నూనె పెట్టడం, గాలి కొట్టడం. ఎక్కడం మాత్రం నాది కాదు. ఆదివారం క్యాంప్ టూ బజారుకి వెళ్లేటప్పుడు వెనక కేరియర్ మీద ఒక పక్కకి కూర్చుంటాను. కొంగు సర్దుకోవడానికి కొంచెం కదిలినా మా ఆయన త్రినాథరావు తల తిప్పకుండానే అంటాడు, "కదలకే కొండా, బేలన్సు పోద్ది." కూరల సంచీ ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చోవడం నేర్చుకున్నాను. అలా కూర్చున్నవాళ్లకి చాలా కనిపిస్తాయి, చాలా వినిపిస్తాయి. ఎవరూ మనల్ని లెక్కచెయ్యరు కదా.

వెనక చక్రం దగ్గరికి వచ్చాను. టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. వంగి చూస్తే వాల్వు లేదు.

ఈసారి ఆశ్చర్యపోలేదు.

కిందటేడు ఆశ్చర్యపోయాను. అప్పుడూ ఇదే ఇంటర్వ్యూ, రుఆబాంధా సెక్టర్లో ఒక బాలవాడికి. చిన్నపిల్లలకి ఆటలూ పాటలూ నేర్పే ఉద్యోగం. పది పాసైతే చాలన్నారు. మా ఊరి బడిలో పది పాసైన నలుగురు ఆడపిల్లల్లో నేనొకదాన్ని. సైకిలు తీసుకెళ్తానని ముందురోజే అడిగితే, "ఎల్లు, నానేటి వొద్దన్నానా" అన్నాడు. ఆ మాట పట్టుకుని చీర ఇస్త్రీ చేసుకున్నాను. పొద్దున్నే టైరు చప్పగా పడి ఉంది. గాలి దిగిందనుకుని, వాల్వు చూసుకోకుండానే పంపు పెట్టి కొట్టాను, కొట్టాను. వరండాలో పేపరు చదువుతూ అతను చొక్కా జేబు తట్టుకుంటుంటే అప్పుడు అర్థమైంది. నడిచి వెళ్లాను. నేను చేరేసరికి ఆఫీసు గదికి తాళం వేసేశారు.

ఆ సాయంత్రం శంకరరావు వచ్చాడు, ప్లాంటులో మా ఆయనతో పాటు ఒకే షాపులో పనిచేసే స్నేహితుడు. నేను పకోడీలు వేస్తుంటే ముందుగదిలోంచి మాటలు.

"మా ఇంటిది ఉజ్జోగం సేస్తాదట బాబూ! ఇదిగో, ఆవిడి ఉజ్జోగం నా జేబులో ఉంది." జేబులోంచి వాల్వు తీసి చూపించాడు. శంకరరావుకి నవ్వుతో పొలమారింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది నేనే. గ్లాసు ఖాళీ అయ్యేదాకా, ఆ నవ్వు ఆగేదాకా పక్కనే నిలబడింది కూడా నేనే. మా అత్త నూకాలమ్మ తర్వాత వంటింట్లోకొచ్చి, "మగోడు ఆటకి సేశాడు. దానికి మూతి ముడుసుకుంటావేటే" అంది.

మూతి ముడుచుకోలేదు. తర్వాతి ఆదివారం అతను చేపల దగ్గర బేరమాడుతుంటే సైకిలు కొట్టుకి వెళ్లి ఒక వాల్వు కొన్నాను. పోపులపెట్టెలో ఆవాల అడుగున దాచాను. ఈ ఇంట్లో ఆవాల్లో వేలు పెట్టేది నేనొక్కదాన్నే. పోపు వేసిన ప్రతిసారీ వేలికి తగిలేది. తగిలినప్పుడల్లా ఆ నవ్వు వినపడేది. ఏడాదిపాటు రోజుకి రెండుపూటలా విన్నాను.

బాలవాడిలో చేరినమ్మాయి పెళ్లయి వెళ్లిపోయిందని, మళ్లీ పిలుస్తున్నారని పక్క క్వార్టర్ దీదీ చెప్పింది. మా ఆయనకి కావాలనే ముందుగా చెప్పాను. సైకిలు కావాలనీ చెప్పాను. "ఎల్లు" అన్నాడు అదే గొంతుతో. నలుగురినీ ఒకసారి నవ్వించిన ఆటని అతను మళ్లీ ఆడకుండా ఉండలేడని నాకు తెలుసు. ఈ వారం సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే వాల్వు జేబులో వేసుకుని పేకాటకి శంకరరావు ఇంటికి పోయాడు.

తుడవడం పూర్తిచేశాను. ఆవాల్లోంచి నా వాల్వు తీసి బిగించాను. గాలి కొట్టాను. పంపు దీదీకి ఇచ్చి, ఆమె కూతురి సల్వారు తొడుక్కుని వచ్చాను.

అత్త గుమ్మంలో నిలబడిపోయింది. "ఇదేటి యేషమే! మగోళ్ల సైకిలు... ఆడొచ్చి అడిగితే నానేటి సెప్పను?"

"వాల్వు ఆయన జేబులోనే ఉంది కదత్తా. సైకిలు ఎక్కడికి పోతుంది?"

చిన్నప్పుడు మా అన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఇప్పుడు కడ్డీ మీంచి కాలు వేశాను. సెక్టర్ దాటేదాకా హేండిలు వంకర్లు పోయింది. తర్వాత పోలేదు. నైటు షిఫ్టు నుంచి ఆలస్యంగా వస్తున్న ఒకాయన "అరే భాభీజీ!" అని అరిచాడు. బెల్లు కొట్టాను. ఆరేళ్లు తుడిచిన బెల్లు, మొదటిసారి నేను కొట్టాను.

పెద్దమేడమ్ హిందీలో అడిగింది, కిందటేడు పేరు ఇచ్చి ఎందుకు రాలేదని.

"సైకిల్‌లో గాలి లేదు మేడమ్."

"రేపు మళ్లీ గాలి లేకపోతే?"

"నేనే కొట్టుకుంటాను."

ఆవిడ కళ్లద్దాలు తీసి నన్నోసారి చూసింది. పిల్లల మధ్యకి పంపి ఒక పాట పాడమంది. మా ఊరి పాటే పాడాను. భాష తెలియని పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

వెంటనే ఇంటికి రావచ్చు. రాలేదు. రోడ్డు పక్కన గుల్‌మొహర్ చెట్టు కింద సైకిలు పెట్టి, కూర్చుని, రెండు జామకాయలు ఉప్పూకారంతో తిన్నాను. సెకండ్ షిఫ్టు వాళ్ల సైకిళ్లు గుంపులుగా ప్లాంటు వైపు కదలడం మొదలయ్యాక లేచాను.

ఇంటి గేటు దగ్గర మా ఆయన. నెత్తిన హెల్మెట్, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, రెండో చేతిలో వాల్వు. ఏడాదంతా ఊహించుకున్నాను గానీ, చక్రం లేని వాల్వు పట్టుకున్న మనిషి ఇంత బాగా ఉంటాడనుకోలేదు.

"ఎక్కడ సచ్చేవే? డూటీకి ఎలా ఎల్లాలనుకున్నావు? దిగు!"

దిగాను. స్టాండు వేశాను. వెనక చక్రం దగ్గర కూర్చుని వాల్వు తిప్పి ఊడదీశాను. బుస్సుమని గాలంతా పోయింది. అతను నోరు తెరిచి చూస్తుండగానే టైరు నేలకి దిగిపోయింది.

"ఇదేటే! పిచ్చెక్కిందా?"

"ఈ వాల్వు నేను కొన్నాను. గాలి నేను కొట్టాను. నావి నేను తీసుకున్నాను. మీది మీ చేతిలో ఉంది కదా."

"పంపేదీ?"

"దీదీ వాళ్లింట్లో. తాళం వేసుకుని పుట్టింటికెళ్లింది."

అత్త "ఓలమ్మో" అంది గానీ గుమ్మం దిగలేదు. అంతలో బెల్లు కొట్టుకుంటూ శంకరరావు వచ్చాడు. సైకిలు వంక, నా సల్వారు వంక, మా ఆయన గుప్పిటి వంక చూశాడు.

"ఏటి గురూ, గాలి లేదా?"

ఎవరూ నవ్వలేదు. నేను ఎదురుచూశాను, అయినా నవ్వలేదు.

"సరే, ఎనకాల ఎక్కు. ప్లాంటు గేటు మూసేస్తారు."

మా ఆయన కేరియర్ మీద ఒక పక్కకి కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. పొడుగు కాళ్లు, బూట్లు నేలకి రాసుకుంటున్నాయి. సైకిలు ఒకపక్కకి ఒరిగింది.

"కదలకు గురూ," శంకరరావు తల తిప్పకుండానే అన్నాడు, "బేలన్సు పోద్ది."

రోజూ వీధి చివర దాకా "తలుపేసుకోవే" అని అరుచుకుంటూ వెళ్లే మనిషి, వాల్వు గుప్పిట్లోనే పట్టుకుని, బొమ్మలా కూర్చుని వెళ్లిపోయాడు.