జన్మదినపుఁ దొలిదొప్ప

ప్రచండమార్తాండకిరణజ్వాలలచే బండలు పగిలి వాఁగులు వట్టిపోయి పులుఁగులు సైతము గూఁడు వెడలనొల్లని యొక జ్యేష్ఠమాసమున, గండిదుర్గపుఁ గోటక్రింద సుర కాఁచువారి వాడయందు, ఓబమ్మ యను విధవ యింటఁ దినుటకు దాఁచిన కడపటి రాగులను నానవైచి మొలక కట్టుచుండెను. కఱవుదినములలోఁ గూటిగింజను సురకు వెచ్చించుట చూచి యిరుగుపొరుగువారు ముక్కున వ్రేలు వైచుకొనిరి. ఆమె యెవ్వరి మాటయుఁ జెవిని బెట్టలేదు.

ఆమె యొక్కగానొక్క కొడుకు తిప్పన్న కోటకావలివాఁడు. ఆఁకటఁ గుములు జనులకై దొరగారి ధాన్యాగారపుఁ దలుపు తెఱచినందుకు వానికి శిరశ్ఛేదము విధింపఁబడెను. వేటునకు నియమించిన దినమే వాని జన్మదినమగుట విధివైపరీత్యమో దొరవారి పరిహాసమో యెవ్వరెఱుఁగుదురు? ఓబమ్మ కాళ్లావేళ్లాపడి వేడఁగా, పుట్టినరోజు కానుకగా నొక కుండెఁడు సుర కొంపోవ ననుజ్ఞ యొసఁగి, యా ప్రభువు తన దయకుఁ దానే మురిసిపోయెను. పాపము, అంతటి దయాళువు మఱి.

ఆమె మొలకలను ఎండించి విసరి, యా పిండిని గాఁచి చల్లార్చి, పాతకుండ యడుగుమడ్డిని దోడువైచి కుండమూతికి గుడ్డతో వాసెన గట్టి, యనుదినము కుండకుఁ జెవి యొగ్గి లోని గుసగుసల నాలకించుచుండెను. పొంగు తగ్గినప్పుడెల్ల మఱల పిండి వైచెను. ఇంత ఘాటైన సుర నామె తన జన్మలో దింపి యెఱుఁగదు. వేటు పడువేళకుఁ గొడుకునకు ఒడలు తెలియకుండవలెను. ఆమె కోరిక యంతియ.

జన్మదినోదయమునఁ గారాగృహమున నామె దొప్పలో సుర వంచి కొడుకున కిచ్చెను. వాఁడు దాని నందుకొని తల్లి నోటికడకే చాఁపెను. పుట్టినదినమునఁ దొలిదొప్ప కన్నతల్లిదనుట యా వాడవారి యాచారము. కొడుకు చేతిదానిని గాదనుట వాని యాయువునకుఁ గీడని నమ్మిక. మధ్యాహ్నమునకుఁ దీరిపోవు నాయువునకుఁ గీడేమని యామెకుఁ దోఁచలేదు.

"నాయనా, ఇది నీకొఱకుఁ గాఁచితిని. మిక్కిలి ఘాటు" అని యామె గొణిగెను.

"వాసనయే చెప్పుచున్నదమ్మా. అందులకే త్రాగుమనుచున్నాను. నన్నుఁ గన్ననాఁటి నొప్పి నీవు పడితివి. నేఁటిది నాది. నీవు చూచుచుండఁగా మెడ వంచుట నాకుఁ జేతఁగాదు."

ఓబమ్మ త్రాగెను. వాఁడు మఱల నింపెను. పస్తులతో నకనకలాడు కడుపున నా సుర యగ్గివలెఁ బ్రాఁకెను. ఆమె వాని మోకాలిపైఁ దల వాల్చి, వాని చేతిని గట్టిగాఁ బట్టుకొనియే నిద్రపోయెను.

కన్ను తెఱచునప్పటికిఁ బ్రొద్దు పడమట వ్రాలుచుండెను. ఆమె చేయి వట్టిది. వాని పైపంచె యామెపైఁ గప్పఁబడియుండెను. ప్రక్కనే కుండ యించుమించు నిండుగా నుండెను.

"వాఁ డొక గ్రుక్కయైన ముట్టలేదమ్మా. త్రాగి తూలుచు దొంగవలెఁ బోనని చక్కఁగా నడచిపోయెను" అని చెఱసాల కావలివాఁడు తల వంచుకొని పలికెను.

ఓబమ్మ పంచెను జుట్టి యొడిలో నుంచుకొని, యలవాటుచొప్పునఁ గుండకుఁ జెవి యొగ్గెను. లోపల సుర యింకను గుసగుసలాడుచుండెను.