తల వెంట్రుక ఉచ్చు

తల దువ్వుకున్నాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్టి పారేసే భాగ్యం చంద్రవ్వకు లేదు. పొడుగువన్నీ ఏరి మగని కోసం దాచాలి. కొత్త రాష్ట్రం వచ్చాక కరీంనగర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది లక్ష్మీరాజానికి. అప్పటినుంచి ఎండాకాలం సెలవులొస్తే చాలు, పెళ్లాన్నీ తల్లినీ వెంటేసుకొని ఇచ్చోడ గుట్టల్లో తొండల మీద పరిశోధన. వెదురు పుల్ల చివర వెంట్రుకతో ఉచ్చు కట్టి, ఎండ కాగే తొండ మెడకు మెల్లగా తగిలించాలి. అంత ఓపిక ఆయనకెక్కడిది? వంటా నీళ్లూ అయ్యాక ఆ పని కూడా ఆమెదే.

ఆడదాని వెంట్రుక పరాయి చేతుల్లో పడొద్దని అత్త శంకరవ్వ ఎన్నిసార్లు హెచ్చరించిందో. కొడుక్కు అవసరం పడేసరికి, మగని చదువుకే కదా అంటూ తనే కోడలి జడ విప్పింది. రాలినవి చాలకపోతే పీకడమే. చంద్రవ్వ కణతల దగ్గర జుట్టు పలచబడింది.

పోయిన ఎండాకాలం ఇదే గుట్ట మీద, పుల్ల పట్టుకొని బండలెక్కుతుంటే ఆమెకు కడుపు పోయింది. "ఎండకు అట్లయితది, ఫికర్ జెయ్యకు" అన్నాడు లక్ష్మీరాజం. ఇప్పుడు మళ్లీ మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పినా గుట్ట ఎక్కమంటే? ఆ మాట వినాల్సి వస్తుందనే ఆమె భయం. బండ మీద కాలు పెట్టినప్పుడల్లా చెయ్యి పొత్తికడుపు మీదికి పోతున్నది.

ఆ రోజు బస్సుకు హైదరాబాదు నుంచి ఆయన పరిశోధన చూసే పెద్దసారు వస్తున్నాడు. గుడ్లతో ఉన్న తొండను కోసి ఆయనకు చూపించాలట. పొద్దున్నే బండ నెర్రె పక్కన ఒకటి కనబడింది, నిండు పొట్టతో. చంద్రవ్వ ఉచ్చు తగిలించి పుల్ల లేపింది. తొండ గాల్లో గింజుకుంది. పలచని చర్మం కింద గుడ్లు బొడిపెలుగా తేలాయి. దాని గొంతుకు బిగుసుకున్నది తన వెంట్రుకే. ఆమె కూర్చొని ముడి వదులు చేసింది. తొండ కాసేపు అక్కడే ఉండి, నెర్రెలోకి దూరింది.

వెంట్రుక తెగిందా అని కింది నుంచి కేకేశాడు లక్ష్మీరాజం.

తెగిందంటే సరిపోయేది. ఇంకోటి పీకేవాడు, అంతే.

"తెగలే. నేనే ఇడిసిన."

"పిచ్చి లేసిందా? సారు వచ్చే యాల్లయింది. ఇంకో ఎంటిక తియ్, జల్ది."

ఆమె పుల్లను బండ మీద పెట్టి, జడను ముడి వేసి, కొంగు తలనిండా కప్పుకుంది.

"నాకు మూడో నెల. గుట్ట దిగుతున్న" అంది. "గీ ఎంటికలు ఇగ నాయి."